చార్టక్క సర్దుబాటు

బస్సు డిపోలో ఆమె పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. మూడు వందల మంది డ్రైవర్లకూ కండక్టర్లకూ ఆమె చార్టక్క. ఎవరు ఏ బస్సు ఎక్కాలో, ఎన్నింటికి ఎక్కాలో పద్దెనిమిదేళ్ళుగా ఆమె రాసిన చార్టు కాగితమే చెబుతోంది. అంతకు ముందు నాలుగేళ్ళు టికెట్ల కౌంటర్లో కూర్చుంది. అక్కడ ముఖాలు చూశాను, ఇక్కడ పేర్లు చూస్తున్నాను, పేర్లే ఎక్కువ మాట్లాడతాయి అంటుంది.

కాగితం బల్లంత పెద్దది. నిలువుగా పేర్లు, అడ్డంగా రోజులు. కొన్ని పేర్ల పక్కన పెన్సిలు చుక్కలుంటాయి. ఒకతన్ని మంగళవారం వేయకూడదు, భార్యను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మరో ఇద్దర్ని ఒకే బస్సులో వేయకూడదు, తోడల్లుళ్ళు, మాటల్లేవు. ఎవరైనా కిటికీ దగ్గరకొచ్చి తల గోక్కుంటూ నిలబడితే ఆమె తల ఎత్తకుండానే "సరే, సర్దుతాలే" అనేది. ఆ మాట మీదే డిపో నడిచింది.

ఈ ఏడాది కాగితం స్థానంలో కంప్యూటరు వచ్చింది. మేనేజరు అందర్నీ షెడ్డులో నిలబెట్టి చెప్పాడు.

"మార్పంటే కొత్త చెప్పు లాంటిది. మొదట్లో కరుస్తుంది."

"కరిస్తే కుంటేది కాలు కదా సార్, చెప్పు కాదుగా" అన్నారెవరో వెనక నుంచి.

అందరూ నవ్వారు. మేనేజరూ నవ్వాడు. రెండు వారాలు కాగితం, కంప్యూటరు పక్కపక్కనే నడుస్తాయన్నాడు. మూడో సోమవారం నుంచి కంప్యూటరు వేసిందే డ్యూటీ.

నేర్పడానికి వచ్చిన అమ్మాయి ఓపిక గలది. చార్టక్క పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"మేడమ్, మీ రూల్స్ ఒక్కొక్కటే చెప్పండి. నేను ఎక్కిస్తాను."

"రూల్స్ ఏముందమ్మా. సర్దుతాను."

"ఎలా సర్దుతారు?"

"మనిషిని బట్టి."

"మనిషికి గడి లేదు మేడమ్" అంది ఆ అమ్మాయి, నవ్వకుండానే.

అయినా నాలుగు రోజులు కూర్చుని చాలావరకు ఎక్కించారు. మంగళవారాలు ఎక్కాయి. 'జత కుదరదు' అనే పేరుతో తోడల్లుళ్ళూ ఎక్కారు. చార్టక్క అన్ని చుక్కలకూ కారణం చెప్పింది. ఒక్కదానికి చెప్పలేదు.

అది బాబాయ్ చుక్క. రక్తసంబంధం లేదు. ఆమె తండ్రితో పాటు ఇదే డిపోలో బస్సు నడిపినవాడు. తండ్రి పోయాక ఆమె ఉద్యోగం కోసం కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాడు. రెండేళ్ళ కిందట ఒక రోజు వానలో తడుస్తూ వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. "అమ్మాయ్, చీకటి పడ్డాక నన్ను వేయకు. ఎదురుగా లైట్లు పడితే కాసేపు ఏమీ కనపడటం లేదు" అన్నాడు. డాక్టరుకు చూపించమంది. చూపిస్తానన్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రం ఆరు దాటే డ్యూటీ ఏదీ అతనికి పడలేదు. ఎందుకని అడిగినవాళ్ళూ లేరు. చేసింది మంచి పనే అనుకుంది.

రెండో వారం గురువారం, ఇక కాగితం తోడు లేకుండా నడిచే మొదటి చార్టు కంప్యూటరు వేసింది. సోమవారం వరుసలో బాబాయ్ పేరు. బయలుదేరేది ఆరు నలభైకి. కొండ దారి. తిరిగొచ్చేసరికి తొమ్మిది.

ఆమె తెర మీద వేలు పెట్టి ఆ గడి మళ్ళీ చదివింది.

మార్చవచ్చు. కానీ కారణం చెప్పాలి. కారణాలు నాలుగే. సెలవు, శిక్ష, అనారోగ్యం, ఇతరం. ఏది నొక్కినా మేనేజరుకు వెళ్తుంది, అక్కణ్ణుంచి పై ఆఫీసుకు. అనారోగ్యమంటే వైద్య పరీక్ష. పరీక్షంటే బాబాయ్ చేతిలోంచి స్టీరింగు పోయినట్టే.

ఆమె భర్త బడిలో లెక్కల మాస్టారు. సంగతంతా విని, "ఇతరం అని కొట్టి ఊరుకో" అన్నాడు.

"ఇతరమంటే ఏమిటో ఇరవై మాటల్లో రాయాలట."

"నువ్వెప్పుడు ఏ సంగతి ఇరవై మాటల్లో తేల్చావు గనక."

ఆమె నవ్వలేదు. అతను మెల్లగా అడిగాడు. "ఆరు దాటాక వేయలేదంటున్నావు. చలికాలంలో ఐదున్నరకే చీకటి పడుతుంది కదా?"

మర్నాడు ఆమె బీరువా తీసి పోయిన చలికాలపు చార్టులు కింద పరిచింది. బాబాయ్ పేరు వెంట వేలు పెట్టుకుంటూ పోయింది. ఐదు యాభైకి ముగిసిన ట్రిప్పులు పదకొండు. చివరి ఇరవై నిమిషాలు చీకట్లోనే. పదకొండుసార్లూ రాసింది ఆమె చెయ్యే. కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగి క్యాంటీనుకు వెళ్ళింది.

బాబాయ్ టీ తాగుతున్నాడు.

"డాక్టరుకు చూపించావా?"

"నా కళ్ళకేమైంది తల్లీ. లోకంలోనే వెలుతురు తగ్గింది."

"బాబాయ్."

అతను గ్లాసు కింద పెట్టాడు. "రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలు. ఇన్నాళ్ళు సర్దావు. ఇంకొంచెం సర్దు."

"ఇప్పుడు సర్దేది నేను కాదు. అది."

"అయితే దానికే చెప్పు, మా బాబాయని."

అతను టీ ముగించలేదు.

శనివారం రాత్రి తొమ్మిదికి చార్టు మూసేస్తారు. ఆ తర్వాత మార్చడానికి వీల్లేదు. ఎనిమిదిన్నరకు చార్టక్క 'అనారోగ్యం' నొక్కింది. దాంతో అయిపోతుందనుకుంది. కింద ఇంకో గడి తెరుచుకుంది. 'ఎప్పటి నుంచి?'

అందులో ఆ రోజు తేదీ ముందే పడి ఉంది. అలాగే వదిలేస్తే ఆమె జోలికి ఎవరూ రారు. బాబాయ్‌కి నిన్నో మొన్నో వచ్చిన జబ్బు అవుతుంది. డాక్టరు కూడా అలాగే చూస్తాడు. ఆమె ఆ తేదీ చెరిపేసి, రెండేళ్ళ కిందటి జూలై పద్నాలుగు వేసింది. తెలిసి తెలిసి దాచానని తన చేత్తో తనే రాసుకున్నట్టయింది.

తలుపు దగ్గర బాబాయ్ నిలబడి ఉన్నాడు.

"ఏం రాశావు?"

ఆమె తెర అతని వైపు తిప్పింది. అతను వంగి, ముఖం దగ్గరగా పెట్టి చదివాడు. చదవడానికి చాలాసేపు పట్టింది.

"నిన్నూ అడుగుతారు" అన్నాడు.

"అడుగుతారు."

"తేదీ తప్పు."

"కాదు బాబాయ్. వానలో తడుస్తూ వచ్చావు. నాకు బాగా గుర్తు."

"అది నీకు చెప్పిన రోజు తల్లీ."

ఎనిమిది యాభై అయింది. చార్టక్క స్టూలు అతని వైపు జరిపింది.

"కూర్చో. ఎప్పటి నుంచో చెప్పు."

అతను కూర్చున్నాడు. వేళ్ళు మడుస్తూ ఆ జూలై నుంచి నెలలు వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి ఎత్తాడు.