మా హాల్లో లాత్వియా ఫుట్‌బాల్

నాకు ఫుట్‌బాల్ అర్థం కాదని మా ఆయన స్నేహితుడొకాయన మా ఇంట్లోనే, మా సోఫాలోనే కూర్చుని అన్నాడు. ఇక్కడ గల్ఫ్‌లో ప్రపంచకప్ జరిగిన రోజులవి. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటని అడిగాను. "చెప్పినా మీకు ఎక్కదులెండి వదినా, ఇంకో వాయి పకోడీ వేయండి" అన్నాడు. మా ఆయన నవ్వాడు. ఆ మాటకన్నా ఆ నవ్వే నాకు ఎక్కువ గుర్తుంది. పకోడీ వేశాను. ఆ వాయిలో ఉప్పు వేయలేదు.

అందుకే మొన్న మార్చిలో కింది ఫ్లోర్ లాత్వియా అమ్మాయి వచ్చి, వాళ్ళ ఊరి మ్యాచ్ మా టీవీలో చూసుకోవచ్చా అని అడిగితే వెంటనే సరేనన్నాను. మా పేట అల్ సద్‌లోనే ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తుంది. ఆమెతో ఉండే నర్సులు నైట్ డ్యూటీ చేసి మధ్యాహ్నం నిద్రపోతారు, వాళ్ళ గదిలో చప్పుడు చేయడానికి లేదు. ఆ సమయానికి మా ఆయన ఎటూ అల్ తుమామాలో స్నేహితుల దగ్గరుంటాడు.

వాళ్ళ పెద్ద లీగులో పది జట్లు. చలికాలం అక్కడ బంతి ఆడే వీలుండదు కాబట్టి మార్చిలో మొదలుపెట్టి నవంబరులో ముగిస్తారు. మొదటి మ్యాచ్‌లో గ్రౌండ్ అంచున చీపురుతో ఊడ్చి పోసినట్టు మంచు కుప్పలున్నాయి. ఇక్కడ నేను ఏసీ పెంచుతుంటే అక్కడ జనం దుప్పట్లు కప్పుకుని చప్పట్లు కొడుతున్నారు. కొన్ని వారాలకే ఈ అమ్మాయి జట్టు అట్టడుగుకి చేరింది. ఆఖరి స్థానంలో మిగిలితే కింది లీగుకి పోతుంది. ఆ జట్టు గోల్‌కీపర్ ఈమె తమ్ముడు.

"పడిపోతే ఏమవుతుంది?" అని అడిగాను.

"క్లబ్బు వాణ్ణి ఉంచుకోదు. వాడూ నాలాగే ఏదో ఒక దేశానికి విమానమెక్కాలి. ఇంట్లో ఒక్కరైనా ఊళ్ళో ఉండాలి కదా అక్కా." అక్కా అనడం నేనే నేర్పాను.

అందరూ ఊరొదిలి వచ్చినవాళ్ళే ఉన్న మా బిల్డింగ్‌లో, ఒక్కరైనా ఊళ్ళో ఉండాలన్న మాట ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆఫ్‌సైడ్ కూడా ఆమే నేర్పింది, నా పోపులడబ్బాలో గిన్నెలు తీసి టీపాయ్ మీద పేర్చి. ఆవాల గిన్నె డిఫెండరు, దాన్ని దాటి ముందే నిలబడ్డ జీలకర్ర గిన్నె ఆఫ్‌సైడ్. ఒక్కసారికే ఎక్కింది నాకు.

మే నెలలో ఒక మ్యాచ్. రిఫరీ చేసింది అన్యాయమని నేను చెబుతూ ఉండగా ఆమె టీవీ వైపు వంగి గట్టిగా "మూసేయి" అంది. నా నోరు ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ "మూసేయి". నా ఇంట్లో, నేను పెట్టిన టీ తాగుతూ. మనవాళ్ళెవరో నేర్పి ఉంటారు, ఇలాంటి మాటలే ముందు నేర్పుతారు. మ్యాచ్ అయ్యాక కప్పు కడిగిపెట్టి, థాంక్స్ అక్కా అని ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయింది.

మరుసటి వారం బెల్ కొడితే చుట్టాలొస్తున్నారన్నాను. ఆ పై వారం తలనొప్పి అన్నాను.

ఆ రోజే చెత్త పడేయడానికి వెళ్తూ చూశాను. ఏసీ లేని మెట్ల మీద కూర్చుని ఫోన్లో మ్యాచ్ చూస్తోంది. చెమటకి చొక్కా వీపుకి అంటుకుంది. "మూసేయి, మూసేయి" అని గొణుగుతోంది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"ఎవర్ని మూసుకోమంటున్నావు?" అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. అది తెలుగు కాదట, వాళ్ళ భాషట. మూసేయి అంటే మావాళ్ళు అని అర్థమట, జట్టుని అలా పిలుచుకుంటారట. మా భాషలో అర్థమేమిటో చెప్పాను. రెండు చేతులతో నోరు మూసుకుంది.

"రెండు వారాలుగా అందుకా అక్కా? అడగొచ్చు కదా."

"నా మాట మధ్యలో అరవకుండా నువ్వూ ఉండొచ్చు."

నవ్వింది. నేను నవ్వలేదు. "ఇంతకీ మావాళ్ళా, మనవాళ్ళా? మావాళ్ళంటే నేను లేను. మనవాళ్ళంటే నేనూ ఉన్నాను."

"మాకు రెండూ ఒకటే మాట."

"అయితే మనవాళ్ళే. లే, లోపలికి రా. ఇక్కడ ఉడికిపోతున్నావు."

నవంబరులో ఆఖరి మ్యాచ్. ఓడకపోతే చాలు, నిలుస్తారు. వేసవంతా వాళ్ళ గడియారమూ మాదీ ఒకటే, చలికాలానికి వాళ్ళది గంట వెనక్కి జరుపుతారు కనక ఆట ఇక్కడ ఆలస్యంగా మొదలైంది. సగంలో మా ఆయన వచ్చి రిమోట్ వెతకడం మొదలుపెట్టాడు. "ఇదేం ఆటోయ్, ఇద్దరికీ ఒక్క గోలూ లేదు. క్రికెట్ పెట్టు."

ఆఖరి నిమిషంలో అవతలి వాళ్ళకి కార్నర్. బంతి గాల్లో తేలుతూ గోల్ ముందుకి వస్తోంది. పక్కన అమ్మాయి కళ్ళు మూసుకుంది. తమ్ముడు అందరి తలల మీదుగా ఎగిరాడు.

"మూసేయి!" అని అరిచాను.

ఇంకా క్రికెట్ అని సణుగుతున్న మా ఆయన టక్కున నోరు మూశాడు. బంతి ఆ అబ్బాయి రెండు చేతుల్లో ఆగింది. విజిల్ పడింది.

అమ్మాయి నా కుషన్‌లో మొహం దాచుకుని ఏడ్చింది. కాసేపటికి తమ్ముడే వీడియో కాల్ చేశాడు. బురద మొహంతో, చేతి తొడుగులు తీయకుండా ఏదో చెబుతున్నాడు. వచ్చే మార్చికీ ఊళ్ళోనే ఉంటానంటున్నాడని ఆమె నాకు చెప్పింది.

మా ఆయన నా పక్కకి జరిగాడు. "నన్నేనా ఆ మాటన్నది?" అన్నాడు నెమ్మదిగా.

"చెప్పినా మీకు ఎక్కదులెండి" అన్నాను.