హిస్కె తెల్లపాములు

మా పక్కింటి హిస్కె పందుల కబేళాలో కత్తిపని చేసేది. పొద్దంతా పందుల మెడలు కోసినా తొణకని మనిషికి, ఇంటికొచ్చి ఒక పాముపిల్లను చంపాల్సి వస్తే మాత్రం పక్కన తోడు ఉండాల్సిందే. చచ్చిన పిల్లను వెయ్యడానికి పళ్ళెం పట్టుకోమని నన్ను పిలిచేది. నేను పళ్ళెం పట్టుకుని గోడకేసి చూసేదాన్ని.

పైగదిలో ఆమె పెంచేవి తెల్ల బోవా పాములు. విషం లేనివి, ఎర్రకళ్ళవి. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే ఆ తెలుపు పిల్లలో బయటపడుతుంది. ఒక్కవైపు నుంచే వస్తే లోపల దాక్కుంటుంది. అందుకే హిస్కె ఏళ్ళ తరబడి ఒకే ఈతలో పుట్టిన ఆడనీ మగనీ జతకట్టించింది. తెలుపుతో పాటు దాక్కున్న జబ్బులూ జతపడ్డాయి. కొన్ని వంకర వెన్నుతో, కొన్ని కళ్ళు లేకుండా పుట్టాయి. బతకలేనివాటి తల మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసేది. పోయిన ఈతలో దాదాపు అన్నిటికీ అదే గతి.

"ఇంకొక్కసారి ఇలాగే అయితే పాముల్నే మానేస్తా, ఫూక్యె," అంది, పళ్ళెం కడుగుతూ.

కొత్త రక్తం కోసం డ్రాఖ్టెన్‌లో పాములు పెంచే డౌవె దగ్గర్నుంచి తెల్ల మగపామును తెచ్చుకుంది. వేసవిలో పిల్లలు పుట్టాయి. అన్నీ గోధుమరంగే!

"గోధుమరంగు పాముకి సున్నం కొట్టి ఇచ్చాడేమోనే," అన్నాను. హిస్కె నవ్వలేదు.

లేవార్డెన్‌లో పాముల సంత జరిగిన రోజు తిన్నగా డౌవె బల్ల దగ్గరికి నడిచింది.

"దొంగ వెధవా!"

"కాస్త మెల్లిగా తల్లీ, పాములు భయపడతాయి..."

మాట పూర్తికాకుండానే హిస్కె పిడికిలి అతని ముక్కు మీద పడింది. చొక్కా నిండా రక్తం. అతను ఆమె జుట్టు పట్టి ఈడ్చాడు. బల్ల తలకిందులైంది, డబ్బాలు దొర్లాయి. విడదీద్దామని నేను పాముల మేతకని చేతిలో ఉన్న, ఐసులా గడ్డకట్టిన ఎలుకల సంచీ విసురుగా తిప్పాను. అది పోయి హిస్కె చెవికి తగిలింది.

"నువ్వెవరి పక్షమే, ముండా?"

ఇంతలో మూత ఊడిన డబ్బాలోంచి లేచిన బోవా డౌవె మోచేతిని కరిచి పట్టేసి, చేతికి చుట్టుకుంది. అతను కేకపెట్టాడు.

"లాగకు! దాని పళ్ళు విరుగుతాయి!" హిస్కె ఎవరి సంచిలోంచో సారా సీసా లాక్కుని పాము నోట్లో పోసింది. పట్టు వదిలింది. మిగిలింది డౌవె తాగాడు.

"మోసం కాదే పిచ్చిదానా," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "నీ పాముల్లో రంగుపని ఒకచోట చెడింది, నా దాంట్లో ఇంకోచోట. నీవాటికి లేనిది నాది ఇచ్చింది, నాదానికి లేనిది నీవి ఇచ్చాయి. పిల్లలకి రంగు వచ్చేసింది."

"మళ్ళీ తెల్లవి కావాలంటే?"

"ఆ పిల్లల్లోనే అన్నాచెల్లెళ్ళని జతకట్టించు. కొన్నైనా తెల్లగా వస్తాయి. వెన్నులెలా ఉన్నాయి?"

హిస్కె నావైపు తిరిగింది. కోపంలో రంగే చూసింది గానీ వెన్నులు చూడలేదు.

"ఈసారి పళ్ళెం పట్టుకోమని నన్ను పిలవనే లేదుగా," అన్నాను.

ఆమె నేల మీద కూలబడి, వాచిన చెవి పట్టుకుని ఏడ్చింది.

మగ పాముపిల్లలన్నిటినీ తలా ఒక ఊరికి పంపేసింది, మళ్ళీ తెలుపు మీదికి బుద్ధి పోకముందే. ఆడదాన్ని ఒకదాన్ని నాకిచ్చింది. తిన్నని వెన్ను, ముదురు గోధుమరంగు. వారానికోసారి నన్ను కరుస్తుంది.

ఇప్పుడు హిస్కె ఆ పళ్ళెంలోనే నాకు కేకు ముక్క పెడుతుంది. నేను గోడకేసి చూస్తూ తింటాను.