ఎండిన చెరువులో వెనక అడుగులు

2024 మార్చి. సోమందేపల్లెలో హైవేకు ఆనుకొని ఉన్న రెండు గదుల్లో నా ఫిజియోథెరపీ క్లినిక్. అప్పటికి ఈ పనిలో నాకు ఇరవై రెండేళ్లు. వచ్చేవాళ్లలో నడుము పట్టేసిన లారీ డ్రైవర్లు, మోకాళ్లు అరిగిన ఆడవాళ్లే ఎక్కువ. ఆటలాడే పిల్లలు ఎప్పుడో ఒకరు. ఆ ఏడు చెరువులు ముందుగానే ఎండిపోయాయి. కొండ మీద గాలిమరలు రెక్కలు చాచి కదలకుండా నిలబడి ఉండేవి.

ఒక మంగళవారం పొద్దున దగ్గరి ఊరి హైస్కూలు పీఈటీ సార్ పదిహేనేళ్ల అమ్మాయిని తీసుకొచ్చాడు. పేరు హనుమక్క. గొర్రెలు కాసే ఆమె నాయన ఓబులేసు భుజాన కంబళితో గడప దగ్గరే నిలబడ్డాడు.

"పదహైదు నూర్ల మీటర్లు మేడమ్. మా స్కూల్లో మగపిల్లోళ్లంతా ఈమె ఎనక దుమ్ము తింటాండారు" అన్నాడు సార్. "ఏప్రిల్‌లో స్పోర్ట్స్ హాస్టల్ సెలెక్షన్ ఉండాది. సీటొస్తే చదువు, తిండి అంతా వాళ్లదే. ఇప్పుడు సూస్తే ఎడమకాలు నొప్పంటాది."

"సీటు రాకపోతే?"

"ఇంగేముండాదమ్మా, నా ఎంట గొర్రెలకాడికే" అన్నాడు ఓబులేసు. "ఈమె వస్తే నాకు కుక్కతో పనిల్యా."

సార్ నవ్వాడు. నేనూ నవ్వాను. హనుమక్క నవ్వలేదు. నేను చూపిన కుర్చీని జరుపుకొని, వీపు గోడకు ఆనించి కూర్చుంది. వెనక జానెడు ఖాళీ కూడా ఉండకూడదన్నట్టు.

పరిగెత్తే పిల్లలకు ముంగాలి ఎముక దగ్గర వచ్చే నొప్పి సాధారణంగా రెండు రకాలు. బెత్తెడు పొడుగునా పరుచుకొని ఉంటే షిన్ స్ప్లింట్స్ అంటాం. ఎముకను పట్టుకొని ఉండే కండ మీద భారం పడి వస్తుంది. ఒక్క వేలి మొన కింద మాత్రమే చురుక్కుమంటే అనుమానించాల్సింది స్ట్రెస్ ఫ్రాక్చర్‌ను. దెబ్బ తగలకుండానే, విశ్రాంతి లేని పరుగుకు ఎముకలో మొదలయ్యే సన్నని చీలిక అది. తొలి వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. హనుమక్క నొప్పి వేలి మొన కిందే ఉంది.

ట్యూనింగ్ ఫోర్క్ తీశాను. రెండు కొమ్ములున్న ఉక్కు కడ్డీ, తట్టితే సన్నగా మోగుతుంది. మోగుతుండగా దాని కాడను ఎముక మీద ఆనిస్తే, చీలిక ఉన్న చోట కొందరికి నొప్పి లేస్తుంది. దీన్నొక్కదాన్నే నమ్మి తేల్చకూడదు గానీ అనుమానానికి బలం ఇస్తుంది. ఆనించగానే ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి.

"ఎవరో మూలుగుతాండారు మేడమ్. నా ఎముక లోపల."

"అది ఈ కడ్డీ శబ్దం పాపా. నొప్పి ఎప్పట్నుంచి?"

"అది వచ్చినప్పట్నుంచి."

ఏది అని అడిగితే తల వంచుకుంది. ఓబులేసే చెప్పాడు. రోడ్డు మీద లారీల భయానికి ఆమె ఎండిన చెరువులో పరిగెత్తుతుంది. నెల రోజులుగా వెనక ఎవరో పరిగెత్తుతున్నట్టు వినిపిస్తోంది. "గాలి సోకింటాదని దిష్టి తీయించి, మూడు దార్ల కాడ పారేసినాం. ఎనక్కి సూడొద్దు పాపా అని చెప్పినా. అప్పట్నుంచి ఒక్క తూరి కూడా ఎనక్కి సూల్లేదు."

మా వైపు దిష్టి తీసి పారేసినవాళ్లు వెనక్కి చూడకుండా ఇంటికి రావాలి. ఈ పిల్ల ఇల్లు చేరిన తరువాత కూడా ఆ మాటను వదలలేదు.

ఎక్స్‌రే తీయించాం. ఏమీ కనిపించలేదు. అనంతపురం పోయి ఎమ్మారై తీయించమని, అందాకా పరుగు పూర్తిగా ఆపమని చెప్పాలి. చెప్పబోయాను కూడా. పీఈటీ సార్ ముఖం వాడిపోవడం చూసి ఆగాను. అక్కడ నేనొక పని చేశాను.

మా నాయన మా చర్చిలో సంఘ పెద్ద. నేను మాటలు నేర్చింది బైబిల్ వాక్యం వింటూనే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో హిందువులే ఎక్కువ. ప్రార్థన చేయనా అని అడిగి, సరేనంటేనే చేస్తాను.

"చేయమ్మా. ఏ దేవుడైతే ఏమి, పాప కాలు బాగైతే సాలు" అన్నాడు ఓబులేసు.

ఆ కాలి మీద చెయ్యి ఉంచి ప్రార్థించాను. కన్నీళ్లతోనే ప్రార్థించాను. కళ్లు తెరిచి, "ఇప్పుడెట్లుంది పాపా?" అని అడిగాను.

హనుమక్క నా ముఖంలోకి చూసింది. "పోయింది మేడమ్" అంది. లేచి ఎడమకాలి మీద మూడుసార్లు గెంతి చూపించింది. మూడో గెంతుకు ఆమె పై పెదవి మీద చెమట బొట్లు లేచాయి. నేను చూశాను. చూసి కూడా లెక్కలోకి తీసుకోలేదు. వారం రోజులు నిదానంగా పరిగెత్తమని పంపించాను. ఆ ఆదివారం ఆరాధనలో లేచి, ప్రార్థనతో ఒక బిడ్డ కాలు బాగైందని సాక్ష్యం చెప్పాను. సంఘమంతా చప్పట్లు కొట్టి పాట పాడింది.

ఎనిమిదో రోజు ఓబులేసు ఒక్కడే వచ్చాడు.

"అమ్మా, నువ్వు చెప్పినట్ల నిదానంగా పోయేది ల్యా. అసలు ఆగేదే ల్యా. కేకేస్తే నా పక్క సూస్తాది, ఆగదు."

"ఎందుకన్నా?"

"ఆగితే అది ఇంగొక అడుగు ఏస్తాదంట. దినామూ ఒక అడుగు దగ్గరికొస్తాండాదంట."

మరునాడు పొద్దున ఏడు గంటలకు వాళ్ల ఊరి చెరువు కట్ట ఎక్కాను. అప్పటికే ఎండ తెల్లగా ఉంది. చెరువంతా బీటలు. బీటకూ బీటకూ మధ్య మట్టి అట్టుకట్టి, అంచులు పైకి లేచి, వేల పెంకులు ఆరబెట్టినట్టుంది. పక్షి లేదు, గాలి లేదు. దూరంగా హనుమక్క ఒక్కతే సుడి తిరిగినట్టు కుడి నుంచి ఎడమకు పరిగెత్తుతోంది. కట్ట దగ్గరికి వచ్చి నన్ను దాటిపోయింది. మెడ బిగుసుకొని ఉంది, కళ్లు ముందుకే.

ఆమె దాటిన తరువాత నాకూ వినిపించింది.

ఆమె అడుగులు మెత్తగా పడుతున్నాయి. వాటి వెనక, అరక్షణం ఆలస్యంగా, టక్. టక్. చెప్పుల్లేని పాదం చెక్క మీద పడినట్టు. అక్కడ ఎవరూ లేరు. పట్టపగలు, కనుచూపు మేర ఖాళీ చెరువు, దానిలో ఇద్దరి పరుగు.

నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. దేవుని నమ్మినవాళ్లకు భయం ఉండదని నేను స్త్రీల కూటంలో చాలాసార్లు చెప్పాను. ఆ పొద్దున నా నోట ప్రార్థన కూడా సగమే వచ్చింది. ఆమె మళ్లీ చుట్టి వచ్చేదాకా నిలబడి విన్నాను. వినడం నా వృత్తిలో భాగమే. రోగి వరండాలో నడిచి వస్తుంటే లోపల కూర్చొని ఏ కాలు నొప్పో చెప్పగలను.

రెండో చుట్టులో తెలిసింది. వెనక అడుగుల్లో ఒకటి గట్టిగా పడుతోంది, ఇంకొకటి తేలిగ్గా, తొందరగా. గట్టిగా, తేలిగ్గా. ఆ వెంటబడేది కుంటుతోంది. ఎడమకాలు కుంటుతోంది.

దెయ్యానికి ఎముక చీలదు. ఆ కుంటు ఆ పిల్లదే.

చెరువులోకి దిగి పది అడుగులు నడిచాను. నా వెనకా టక్, టక్ అంది. ఆగాను. నేను ఆగాక ఇంకొకటి, టక్. తిరిగి చూడడానికి నాకెంత ధైర్యం కావలసి వచ్చిందో రాయలేను. చూశాను. అట్టుకట్టిన మట్టి కింద డొల్లగా ఉంది. కాలు మోపితే పెంకు ఒక పక్కకు ఒరుగుతుంది, కాలెత్తాక తిరిగి తన చోట పడుతుంది. అదే శబ్దం. ఆగినప్పుడు చివరి పెంకు పడడమే ఆ ఎక్కువ అడుగు.

హనుమక్క దగ్గరికి రాగానే చెయ్యి పట్టి ఆపాను. వెనక టక్ మంది.

"వెనక్కి చూడు పాపా."

"సూడకూడదు మేడమ్."

"సరే, నీ వెనక చూడొద్దు. నా వెనక చూడు."

ఆమెను దాటి ఐదారు అడుగులు ముందుకు నడిచాను. వెనక పెంకులు ఒక్కొక్కటే పడ్డాయి. ఆమె వంగి చూసింది. తరువాత, "ఇదేనా?" అంది. పెంకును కాలితో తొక్కి వదిలింది. మళ్లీ తొక్కింది. "థూ, దీని మొగం మండ! మట్టి మేడమ్, ఇది ఒట్టి మట్టి!" అని నవ్వుతూ ఆ బీటల మీదే కూలబడింది. నవ్వు ఎప్పుడు ఏడుపైందో నేను గుర్తుపట్టలేదు.

"ఆ రోజు నొప్పి పోలేదు కదా పాపా?"

"ల్యా."

"మరి పోయిందన్నావే?"

"మీరు ఏడుస్తా ప్రార్థన చేసినారు మేడమ్. పోల్యా అని ఎట్ల చెప్పేది?"

ఆ వారమే ఎమ్మారై తీయించాం. చీలిక స్పష్టంగా ఉంది. మొదటి రోజు నేను అడగని ప్రశ్నలు ఆర్థోపెడిక్ డాక్టర్ అడిగాడు. ఆమెకు నెలసరి ఆగి ఐదు నెలలైంది. సెలెక్షన్ కోసం మొక్కుకొని శనివారాలు ఒక్కపొద్దు ఉంటోంది, మిగతా రోజుల్లోనూ సరిపడా తినడం లేదు. తిండి చాలక, నెలసరి ఆగిన ఆడపిల్లల్లో ఎముక బలహీనపడుతుంది. దానికి తోడు విశ్రాంతి రోజు లేని పరుగు, ఎప్పుడూ ఒకే వైపు తిరిగే చుట్లు.

ఏప్రిల్ సెలెక్షన్ ఎలాగూ పోయేదే. జూలైలో ఇంకొక విడత ఉండింది. మొదటి రోజే ఆపి ఉంటే దానికి నిలబడేదేమో అని డాక్టర్ అన్నాడు. చీలిక ముదిరి జూలై కూడా పోయింది. మరుసటి ఏడాదికి వయసు దాటింది. ఆ ఎనిమిది రోజుల తప్పు నాది. ఓబులేసు నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

తరువాతి ఆదివారం సంఘంలో మళ్లీ లేచాను. "నేను చెప్పిన సాక్ష్యం నిజం కాదు. ఆ బిడ్డ కాలు బాగుపడలేదు. నన్ను నొప్పించకూడదని అబద్ధమాడింది. ఆ అబద్ధాన్ని తెచ్చి నేను దేవుని ముందు పెట్టాను" అన్నాను. మా నాయన తల దించుకున్నాడు. ఇంటికి పోయేటప్పుడు మాత్రం, "ఇదీ సాక్ష్యమే కదమ్మా" అన్నాడు.

నేను ప్రార్థన మానలేదు. స్వస్థపరచేవాడు ఆయనేనన్న నమ్మకమూ పోలేదు. ఇప్పుడు వైద్యం చెప్పి, రాసిచ్చి, ఆ తరువాతే ప్రార్థిస్తాను. ముగించాక ఎలా ఉందని అడగను. అడిగేటప్పుడు నా ముఖం ఏ జవాబు కోరుతుందో నాకు తెలుసు. వరండాలో నడవమని చెప్పి, కళ్లు మూసుకొని వింటాను. పరిగెత్తే ఆడపిల్ల వస్తే తిండి, నెలసరి, విశ్రాంతి ముందు అడుగుతాను, కాలు తరువాత చూస్తాను.

హనుమక్క హాస్టల్‌కు పోలేదు, గొర్రెలకాడికీ పోలేదు. పెనుకొండలో ఇంటర్ చదువుతూ కాలేజీ తరఫున పరిగెత్తుతోంది. వారానికి రెండు రోజులు విశ్రాంతి, మిగతా రోజుల్లో ఒకనాడు కుడి చుట్టు, ఒకనాడు ఎడమ చుట్టు. మొన్న వేసవిలో ఆ చెరువు మళ్లీ ఎండింది. ఆమె పిలిస్తే పోయి కట్ట మీద కళ్లు మూసుకొని నిలబడ్డాను. ఆమె దాటిపోయింది. వెనక అది కూడా దాటిపోయింది. కారణం తెలిసినా నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

చుట్టు ముగించి ఆమె ఆగింది. టక్ మని చివరి అడుగు పడేదాకా చెవి ఒగ్గి వింది.

"ఇన్నారా మేడమ్? ఇప్పుడది కుంటేది ల్యా."