పరదా అవతలి స్వరం

పరీక్షాధికారి పరదా అవతలి నుంచి "స, గ, ప" అని పాడి, "మల్ల పాడు బిడ్డా" అన్నాడు. నా కూతురు పరదా వైపు చూడలేదు. నా నోటి వైపు చూసింది.

కరీంనగర్‌లో అది ఆడపిల్లల బడి. పరీక్ష తీసుకునేది మగవాడైతే గది మధ్యన పరదా కట్టడం అప్పటికింకా పోలేదు. ఆయన అటు, పిల్ల ఇటు, తల్లులం గోడ వారన బల్ల మీద. పిల్లల మొదటి గ్రేడు సంగీత పరీక్ష అది. నేర్పింది నేనే, ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని. పదేళ్ల పిల్ల, గీతం మాత్రం తాళం తప్పకుండా పాడింది. మిగిలింది స్వరాలు విని తిరిగి పాడడం. అది రాకపోతే పై గ్రేడుకు పోనివ్వరు.

ఆయన మళ్ళీ పాడాడు. పిల్ల కదలలేదు.

"గొంతు ఇంట్ల మరిచొచ్చినవా?" అని బడి ఆయమ్మ నవ్వింది.

"పరేషాన్ కాకు బిడ్డా. నీ పేరేంది?" అన్నాడాయన మెల్లగా. పేరడిగినా పలకలేదు.

ఆయన లేచి పరదా పక్కకు జరిపాడు. అవే స్వరాలు, అంతే మెల్లగా పాడాడు. పిల్ల వెంటనే అందుకుని ఎక్కడా జారకుండా పాడింది.

"చూసిండ్రా, ఉత్త సిగ్గు!" అంది ఆయమ్మ. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. ఆయన మాత్రం నవ్వలేదు. భుజం మీది కండువా నోటికి అడ్డం పెట్టుకుని వేరే స్వరాలు పాడాడు. పిల్ల ఆ కండువానే చూస్తూ నిలబడింది.

"పిల్లకు చెవులు మంచిగ ఇనవడ్తయా అమ్మా?"

"ఎందుకు ఇనవడయి?" అన్నాను. అంటుండగానే, పోయినేడు తట్టు పోసినప్పుడు రెండు చెవులూ కారడం గుర్తొచ్చింది. మందు వేశాం, తగ్గింది, మరిచిపోయాం. ఆ జ్వరానికి ముందే పిల్లకు స్వరాలన్నీ పట్టుబడ్డాయి. ఆ తర్వాత నా పెదవులు చూసి ఏ స్వరమో పోల్చుకుని, జ్ఞాపకంలోంచి పాడుతోంది. ఆ చూపుకు, ఎంత శ్రద్ధ అని మురిసిపోయేదాన్ని.

"పాడినదానికి నిండ మార్కులు ఏస్త," అన్నాడాయన. "ఇన్నదానికి ఏం ఏయాలె, నువ్వే చెప్పు తల్లీ. జల్ది దవాఖానల చూపెట్టు."

పిల్ల నా కొంగు లాగింది.

"అవ్వా, పాసైననా?"

ఇంట్లో వాళ్ళ నాన్న నమ్మలేదు. వెనకాల నిలబడి పేరు పెట్టి మెల్లగా పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. పిల్ల జడకు రిబ్బను కట్టుకుంటూనే ఉంది. ఆయన అలాగే గోడకు చేరగిలబడ్డాడు.

తెల్లారి "అక్క తప్పింది, అక్క తప్పింది" అని కొడుకు ఎగురుతున్నాడు. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముఖం కూతురి వైపే ఉంచి చెప్పాను.

"పరీక్ష తప్పినవు, నిజమే. నీకు చెవులు సక్కగ ఇనవడ్తలేవు బిడ్డా. అండ్ల నీ తప్పేం లేదు. ఇయ్యాల నేను, బాపు నిన్ను దవాఖానకు తోల్కపోతం. డాక్టరు ఏమంటడో నాకూ తెల్వది." తర్వాత కొడుకుతో అన్నాను: "నువ్వు ఇగ అక్కను ఎనుక నుంచి పిలువకు. ముందటికొచ్చి మాట్లాడు."