చెప్పుల కాపలా

నా చిన్నప్పుడు హోసూరులో మా ఎలిమెంటరీ బడిలో వారానికి రెండు సార్లు డ్రిల్లు పీరియడు ఉండేది. అందరూ చెప్పులు విడిచి మైదానంలోకి పరుగెత్తేవాళ్లు. నేను ఆ చెప్పుల పక్కన కూర్చునేదాన్ని. నాకు కుడి ఎడమలు తడబడేవి. వరస చెడిపోతుందని డ్రిల్లు సారు మొదటి వారమే నన్ను పక్కకు లాగి చెప్పులకు కాపలా పెట్టారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేనింకా క్షమించలేదు.

ఏడాదంతా కూర్చున్నాను. ఎవరి చెప్పుకు ఎన్ని కుట్లున్నాయో కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని.

బడిలో మధ్యాహ్న భోజనం వండేది మా పక్కింటి అక్క. ఒకరోజు ఖాళీ గోనెసంచి తెచ్చి, చెప్పులన్నీ అందులో వేసుకుని, కట్టెల రూములో పెట్టి గొళ్లెం వేసింది. సారు విజిల్ ఆపి వచ్చారు.

"చెప్పులు యాడమ్మా?"

"కట్టెల రూములో భద్రంగా ఉండాయి సార్. ఇంక ఈ పాపకు ఈడ పనేముంది? ఆడించండి."

వరస చెడిపోతుందని సారు గొణిగారు.

"చెడిపోతే మళ్లా నిలబెట్టండి సార్. అదే కదా మీ పని."

ఆయన నన్ను వరసలోకి పొమ్మని విజిల్ ఊదారు. నేను చివర నిలబడి, తప్పు కాలే వేసి, ముందున్న పిల్ల మడమ తొక్కాను. గాడిదా అని తిట్టింది. అదీ మరిచిపోలేదు. కానీ ఆ తిట్టు ఆటలో ఉన్నవాళ్లకే దొరుకుతుంది. వరస కాసేపు చెడింది, మళ్లీ కుదిరింది.

ఇప్పుడు హోసూరు పక్కనే మూకండపల్లిలో మా మనవరాలి బడిలో రోజూ ఉదయం అరగంట వ్యాయామం మొదలుపెట్టారు. వీడియో తీసి పైవాళ్లకు పంపాలట. అడుగు తప్పుతోందని మా పాపను బ్యాగుల దగ్గర కూర్చోబెట్టారు. విన్న రోజే ఫిర్యాదు రాసిచ్చాను. చూస్తామన్నారు. మరునాడు ప్రార్థన గంటకు ముందే వెళ్లి, బ్యాగులు నేను చూసుకుంటాను, పాపను పంపండి అని వాటి మధ్య కూర్చున్నాను. అప్పటినుంచి రోజూ కూర్చుంటున్నాను. లేవమనే ధైర్యం ఇంతవరకు ఎవరికీ రాలేదు.

పిల్లను పక్కన పెట్టడానికి చూపే సాకును మూటగట్టి మోసుకుపోవాలని ఆ అక్క నేర్పింది. ఈ వయసులోనూ మోస్తున్నాను. మా పాప ఇంకా అడుగు తప్పుతూనే ఉంది. వీడియోలో స్పష్టంగా కనిపిస్తోంది.