బండ మీద తడి

మా ఊరు వడమాలపేటకు దగ్గర. ఊరి వెనక గుట్ట, గుట్ట మీద ఎవరో పేర్చిపెట్టినట్టు బండలు. సీతాఫలాల కాలంలో మేం ఆడపిల్లలం ఆ బండలెక్కి కాయలు కోసుకొచ్చేవాళ్లం. లంగా పైకి దోపి, చెప్పులు కింద విడిచి, బొటనవేలు ఎక్కడ ఆనుతుందో చూసుకుని ఎక్కేయడమే. అదొక విద్య అనీ, దాని కోసం ఊళ్లు దాటి ప్రయాణాలు చేసేవాళ్లుంటారనీ నాకు ఉద్యోగంలో చేరేదాకా తెలియదు.

ఉద్యోగం తిరుపతిలో. ఒక కంప్యూటర్ సెంటర్లో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. ఇంటర్నెట్ అప్పుడప్పుడే ఊళ్లలోకి వస్తున్న కాలం. మధ్యాహ్నం బ్యాచి వెళ్లిపోయి సాయంత్రం బ్యాచి వచ్చేలోగా కాస్త తీరిక దొరికేది. ఆ తీరికలో ఏదో వెతుకుతుంటే ఒక ఫోటో కనిపించింది. మా గుట్టలాంటి బండకు ఒక మనిషి బల్లిలా అతుక్కుని ఉన్నాడు. దాన్ని పట్టుకుని వెళితే ఒక ఈమెయిల్ గ్రూపు. మద్రాసు, బెంగుళూరు, హైదరాబాదుల్లో రాక్ క్లైంబింగ్ చేసేవాళ్లు కలిసి పెట్టుకున్నది. ఒకరు ఉత్తరం రాస్తే అందరికీ చేరుతుంది. నేనూ చేరాను.

పెద్ద పెద్ద కొండల గురించి మాట్లాడుకుంటారనుకున్నాను. కాదు. ఎక్కువగా మాట్లాడుకునేది వేళ్ల చర్మం గురించి. చర్మం లేచిపోతే ఏం రాయాలి, మళ్లీ ఎన్నాళ్లకు గట్టిపడుతుంది. బండలెక్కే బూట్లు ఈ దేశంలో దొరకవు, విదేశాల నుంచి వచ్చేవాళ్ల చేత తెప్పించుకోవాలి, తెచ్చినవి ఇరుకైతే ఎవరికిద్దాం. ఆదివారం పొద్దున్నే తాడు భుజాన వేసుకుని బయల్దేరితే ఇంట్లో ఏమంటారు. పెళ్లిచూపుల్లో చేతులు చూసి అమ్మాయి వాళ్లు ఏ కూలిపని చేస్తావని అడిగితే ఏం చెప్పాలి. బండ పక్కన తేనెపట్టు ఉంటే ఏం చెయ్యాలి. చదువుతూ చదువుతూ నవ్వుకునేదాన్ని. ఎవరి ముఖమూ తెలియదు, అయినా మా వీధిలోవాళ్ల కంటే ఎక్కువ తెలిసినట్టుండేది.

చాలా రోజులు చదవడమే తప్ప రాయలేదు. నా ఇంగ్లీషు మీద నాకు నమ్మకం లేదు. చివరికి ఒకరోజు మా గుట్ట గురించి నాలుగు ముక్కలు రాశాను. చిన్నప్పుడు వట్టికాళ్లతో ఎక్కేదాన్నని, తాడు ఎప్పుడూ ముట్టలేదని. సాయంత్రానికల్లా జవాబులు వచ్చిపడ్డాయి. బండ ఎంత ఎత్తు, ఏ రంగు, పట్టుకు పగుళ్లున్నాయా, ఎలా రావాలి. మద్రాసు నుంచి ఒకామె, ఏదో బడిలో వ్యాయామం టీచరు, నాకు విడిగా రాసింది. "నేనూ చెట్లెక్కి మొదలుపెట్టినదాన్నే. వస్తాం. నువ్వూ ఎక్కాలి."

ఒక శీతాకాలపు ఆదివారం వ్యానులో వచ్చారు. ఆమె, ఇంకా నలుగురైదుగురు మగవాళ్లు. ఇంట్లో నేను ఉన్నమాటే చెప్పాను. కంప్యూటర్లో పరిచయమైనవాళ్లు, గుట్ట చూడ్డానికి వస్తున్నారని. అమ్మ ముఖం ముడుచుకుంది గానీ నాయన మజ్జిగ ఇచ్చాడు. వాకిట్లో నులకమంచం వేసి, "కూచోండప్పా, ఎండెక్కకముందే పోదురు గానీ," అన్నాడు. మద్రాసామె అరవం కలిసిన తెలుగులో నాయనతో వర్షాల గురించి, చెరుకు గురించి మాట్లాడింది. నాకు గర్వంగా ఉండింది.

గుట్ట దగ్గర వాళ్లు పైనున్న చెట్టు మొదలుకు ఇనప కొక్కెం కట్టి, దాంట్లోంచి తాడు కిందికి వేశారు. ఒక కొస ఎక్కేవాళ్ల నడుం పట్టీకి, రెండో కొస కింద నిలబడినవాళ్ల చేతిలో. కాలు జారినా తాడు పట్టుకుంటుంది. ఒక్కొక్కరే చేతులకు సుద్దపొడి పూసుకుని ఎక్కి దిగారు. తర్వాత నా వంతు. చుడీదార్ మీద పట్టీ బిగించి, మద్రాసామె తాడు తన చేతుల్లోకి తీసుకుంది.

మొదట్లో ఏమీ కాలేదు. కాళ్లకు బండ తెలుసు. ఇంటి మిద్దె కంటే ఎత్తుకు ఎక్కాను. వాళ్లు కింద నుంచి మెచ్చుకుంటున్నారు. ఒకాయన ఫోటోలు తీస్తున్నాడు. అప్పుడు వినిపించాయి మాటలు. ఊళ్లోవాళ్లు వస్తున్నారు.

మా వైపు బండల దగ్గర కొత్తవాళ్లు కనిపిస్తే గుప్తనిధుల కోసం తవ్వుతున్నారనే అనుకుంటారు. అంతకుముందు పక్క ఊరి పాత మండపంలో ఎవరో అలాగే తవ్విపోయారు. వీళ్ల దగ్గరేమో తాళ్లు, ఇనప కొక్కేలు, తెల్లపొడి. పశువులు తోలుకెళ్లినవాళ్లెవరో చూసి ఊళ్లో చెప్పారు. కర్రలు పట్టుకుని పదిమంది దాకా వచ్చారు, ఆడవాళ్లు కూడా. వాళ్లలో నాయన ఉన్నాడు.

"ఏయ్, ఎవురు మీరు? ఈడేం తవ్వతా ఉండారు?" అని ఒకాయన అరిచాడు.

వ్యానులో వచ్చిన మగవాళ్లకు తెలుగు రాదు. మద్రాసామె రెండు చేతులా తాడు పట్టుకుని ఉంది, వెనక్కి తిరగడానికి లేదు. తల ఎత్తే ఉంచి, "ఏమీ తవ్వలేదయ్యా. మీ ఊరి అమ్మాయే ఎక్కుతా ఉంది. కావాలంటే పైన చూడండి," అంది.

అందరూ తలలెత్తి చూశారు.

నా ఎడమ కాలు వణకడం మొదలుపెట్టింది. కుట్టుమిషను తొక్కుతున్నట్టు మడమ పైకీ కిందికీ కొట్టుకుంటోంది. ఆపుదామంటే ఆగదు. గ్రూపులో దాని గురించి ఎంతో చదివాను, మడమ కిందికి దించాలని, ఊపిరి తీసుకోవాలని. ఏదీ గుర్తుకు రాలేదు. పైకి పోలేను, కిందికి రాలేను. బండను కరుచుకుని, "అమ్మా, అమ్మా" అంటున్నానని తర్వాత చెప్పారు. నాకు తెలియదు. నాకు తెలిసింది కాళ్ల వెంట వెచ్చగా జారుతున్నది మాత్రమే. ఎండకు తెల్లగా మెరుస్తున్న బండ మీద అది నల్లటి చారగా కిందికి దిగింది. మనుషులు నిలబడిన వైపే.

కింద ఒక ఆడగొంతు "అయ్యో" అంది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆ ఆపుకోవడం కూడా నాకు వినిపించింది.

"తాడు మీద కూర్చో కన్నా. కూర్చో అంతే. నేను పట్టుకోనుండాను," అంటోంది మద్రాసామె. అప్పుడు నాయన గొంతు లేచింది. "పొండబ్బా, పొండి! ఆడబిడ్డను సూస్తా నిలబడతారా? సూసింది సాలు, పొండి!" నాయన ఊళ్లోవాళ్ల మీద అలా అరవడం అదివరకు ఎప్పుడూ వినలేదు.

చేతులు వదిలి తాడు మీద కూర్చున్నాను. మెల్లగా దించారు. నేల తగిలేసరికి నాయన భుజం మీది టవల్ తీసి నా నడుముకు చుట్టాడు. నా ముఖం వైపు చూడలేదు. మద్రాసామె పట్టీ విప్పుతూ, "పరవాలేదు, అందరికీ అవుతుంది," అంది. మగవాళ్లు అటు తిరిగి ఏవో సర్దుకుంటున్నారు. అంతసేపు సర్దుకునే సామాను అక్కడ లేదు.

ఇంటికి వచ్చాక అమ్మ ఒక కుండ నీళ్లు నా ముందర పెట్టింది. "మేయ్, నీకేం కరమమే? పెండ్లి కావాల్సిన దానివి. రేపు ఊళ్లో తలెత్తుకోని యాట్లా తిరగాల?" ఏడుస్తూ అంది. నాయన ఇంట్లోకి రాలేదు. వాకిట్లో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాను. నా వల్ల తల వంపులై మాట రాక పడుకున్నాడని అనుకున్నాను.

ఊళ్లో నవ్వుకున్నారు. బస్సు కోసం నిలబడితే నా వెనక మాటలు ఆగిపోయేవి. తిరుపతిలో ఎవరికీ తెలియదు కదా అనుకుని బస్సెక్కేదాన్ని. అక్కడా కుదురు లేదు. పాఠం చెబుతూ చెబుతూ చీర కుచ్చిళ్లు తడిగా ఉన్నాయేమోనని చేత్తో తడుముకునేదాన్ని.

వారం తిరక్కముందే గ్రూపులో ఆ ప్రయాణం గురించి ఒకాయన రాశాడు. మంచి ఊరు, మంచి మజ్జిగ, గట్టి బండ అని. నా సంగతి ఒక్క మాటా లేదు. కానీ గ్రూపు పేజీలో ఫోటోలు పెట్టాడు. చివరి ఫోటోలో నేను వెనక నుంచి బండకు అతుక్కుని ఉన్నాను. ముఖం కనబడదు. నా పాదాల కింద ఆ నల్లటి చార కనబడుతోంది. పెట్టినాయన దాన్ని గమనించలేదనుకుంటాను.

రెండోనాడు హైదరాబాదు నుంచి ఎవరో, ఆరోజు రానివాళ్లు, మామూలుగా అడిగారు. "ఆ బండలో నీటి ఊట ఉందా? ఫోటోలో తడి కనిపిస్తోంది. వానాకాలంలో ఎక్కడానికి పనికిరాదేమో."

సెంటర్లో పిల్లలు కీబోర్డుల మీద టకటకలాడిస్తున్నారు. నేను ఆ మూడు వాక్యాలనే చూస్తూ కూర్చున్నాను. చెవులు కాలిపోతున్నాయి. వచ్చినవాళ్లెవరూ ఆ రోజు జవాబివ్వలేదు. మర్నాడూ ఇవ్వలేదు. అప్పుడు మద్రాసామె రాసింది. ఊట కాదు, ఒక మనిషి భయం, అంది. తనకూ కొత్తలో అలాగే అయిందని, తర్వాత చాలాకాలం ఎవరితోనూ చెప్పుకోలేదని, ఫోటో తీసెయ్యమని, ఇకమీదట మనిషిని అడక్కుండా ఫోటోలు పెట్టొద్దని. నా పేరు రాయలేదు.

ఫోటో వెంటనే పోయింది. కానీ ఉత్తరాలు మొదలయ్యాయి. ఒకరు వాంతి చేసుకున్నది, ఒకరు పైన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది, ఒక పెద్దమనిషి దేవుళ్లందరికీ మొక్కుకుని దిగాక ఏ మొక్కూ తీర్చనిది. రోజూ వస్తున్నాయి. అవి నా మీద దయతో రాసినవని నాకు తెలుసు. కానీ ప్రతి ఉత్తరం పైనా ఆ శీర్షికే ఉండేది, మా ఊరి బండ అని. వాళ్లు ఎంత మంచిగా రాస్తే ఆ తడి అంత పెద్దదవుతున్నట్టుండేది. నాకు కావలసింది ఓదార్పు కాదు. ఎవరూ ఆ మాట ఎత్తకపోవడం. మంచివాళ్ల మీద కోపం రావడం ఇంకో సిగ్గు. ఒక మధ్యాహ్నం గ్రూపులోంచి నా పేరు తీసేసుకున్నాను.

కొన్ని నెలలకు, మామిడి పూత రాలిపోయే రోజుల్లో, మద్రాసామె ఇంటికి ఫోన్ చేసింది. నేను లేను. నాయన మాట్లాడాడు. సాయంత్రం నేను బస్సు దిగి వస్తే వాకిట్లో కూర్చోబెట్టాడు.

"ఆయమ్మ ఫోన్ చేసినాది. నిన్నడక్కుండా ఏందో రాసినానని, తప్పయిపోయిందని చెప్పమనింది."

నేను నేల చూస్తూ కూర్చున్నాను.

"నువ్వు గుట్ట మాటే ఎత్తవు. నా ముకం గూడా సూడవు," అన్నాడు.

"నీ పరువు తీసినాను కదా నాయనా. ఆ పొద్దు నువ్వే నన్ను సూడలా."

"అందుకు కాదమ్మా," అన్నాడు నాయన. "కర్రలెత్తుకోని మన వాకిలి ముందర పోతా ఉంటే నన్ను అడిగినారు. వాళ్లెవురో నీకు తెలుసునా అని. నేను తెలీదన్నా. ఆ పొద్దే నా చేత్తో మజ్జిగ పోసినా. మంది చేతుల్లో కర్రలు సూసి నోరు రాలా. తెలుసునని ఆ మాట నేను అనుంటే వాళ్లు గుట్ట దాకా వచ్చేవాళ్లే కాదు. నువ్వు బెదిరేదానివే కాదు. ఏ ముకం పెట్టుకోని నిన్ను సూడాల?"

అన్ని నెలలూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీది సంగటి తింటూ, ఇద్దరం ఒకరికొకరం మొహం చాటేసుకున్నాం. ఇద్దరమూ ఎదుటివాళ్లు మనల్ని చూసి సిగ్గుపడుతున్నారనే అనుకున్నాం. "పోనీలే నాయనా," అన్నాను. ఆయన లేచి దొడ్లోకి వెళ్లాడు. మనసు తేలికపడిందని చెప్పలేను. కానీ ఆ రాత్రి అన్నం దగ్గర ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

మళ్లీ గ్రూపులో చేరాను. ఉత్తరాలు ఎప్పటిలాగే ఉన్నాయి. చర్మం, బూట్లు, ఇంట్లో గొడవలు. ఎక్కడికి పోయావని ఎవరూ అడగలేదు. మరుసటి శీతాకాలం చిత్తూరు దాటి ఐరాల వైపు ఒక గుట్టకు వస్తున్నామని రాస్తే, వస్తానని రాశాను. బస్సులు మారి వెళ్లాను. ముందురోజు సాయంత్రం నుంచి ఒక్క చుక్క నీళ్లు తాగలేదు. ఎందుకో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఎండకు బండ దగ్గర కళ్లు తిరిగాయి. మద్రాసామె నా పెదాలు చూసి కనిపెట్టేసింది. గట్టిగా ఏమీ అనలేదు. సీసా చేతికిచ్చి, "మొత్తం తాగు. తర్వాత ఆ పొదల వెనక్కి పోయి రా. అంతదాకా తాడు నీకివ్వను," అంది. చిన్నపిల్లను అన్నట్టు అంది. సిగ్గేసింది. తాగాను.

సగం దాకా ఎక్కాను. కాలు వణకడం మొదలైంది. కింద మాకు తెలియని ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురు నిలబడి చూస్తున్నారు. దిగిపోతానన్నాను. "దింపమంటావా?" అంది. "దింపు" అన్నాను. అంతే. దిగాక చేతులు కడుక్కుని అందరితో కలిసి చిత్రాన్నం తిన్నాను.

ఆ తర్వాత కొన్నేళ్లు వాళ్లతో తిరిగాను. కొన్ని బండలు పైదాకా ఎక్కాను, చాలా వాటిని సగంలో వదిలేశాను. పెళ్లయి చిత్తూరు వచ్చాక తిరగడం తగ్గింది, గ్రూపు కూడా మెల్లగా పలచబడిపోయింది. సిగ్గు పోయిందా అంటే పోలేదు. ఇది రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి. మా ఆయనకు ఈ సంగతి పెళ్లయిన చాలా రోజులకు చెప్పాను. విని, నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూశాడు. నవ్వమన్నాను. నవ్వలేదు.