గొళ్లెం తీసిన చెయ్యి

నాయకుడు పిస్తోలు ఎత్తాడు. పేలలేదు.

వాగు అవతలి గట్టు మీద గస్తీవాళ్లు ముగ్గురున్నారు. వాగు మధ్యలో, ఇసుకలో ఆయన ఒక్కడు. వెనక మోదుగు పొదలో రైఫిల్‌తో నేనున్నాను. నేను కాల్చాలంటే ఆయన వీపు అడ్డం. ఆయన పిస్తోలు వంక చూసుకున్నాడు. బొటనవేలు ఒక్కసారి కదిలింది. అంతలోనే అవతలి తుపాకులు పేలాయి. పొద్దున తొమ్మిది కావస్తోంది. వాగులో నీళ్లు లేవు. ఇసుక అప్పటికే కాలుతోంది.

నేను ఆ దళంలో చేరింది ఇప్పపూలు రాలే రోజుల్లో. దళం కొడకండ్ల వైపుది. అక్కడ సర్కారు గస్తీలు ఎక్కువయ్యాక రేగొండ దాటి అడవిలోకి వచ్చింది. పెద్ద యుద్ధంలో నేను బర్మాలో సిపాయిగా పనిచేశాను. అందుకే అందరూ ‘మిల్ట్రీ’ అని పిలిచేవారు. ఆయుధాలు శుభ్రం చేయడం, కాల్చడం నేర్పడం నా పని. మొత్తం రెండు రైఫిళ్లు, ఒక నాటు తుపాకి, దొర గడిలో దొరికిన ఒక పిస్తోలు.

పిస్తోలు పక్కన గోరంత మీట ఉండేది. పైకి తోస్తే ట్రిగ్గర్ లాగినా పేలదు. కిందికి దించితే పేలుతుంది. సైన్యంలో దాన్ని సేఫ్టీ అంటాం. దళంలో గొళ్లెం అనేవారు.

నాయకుడు తాళ్లెక్కి కల్లు గీసే మనిషి. ఒకప్పుడు చెట్టు మీంచి పడి ఎడమ మణికట్టు బిగుసుకుపోయింది. పిస్తోలు పైభాగాన్ని వెనక్కి లాగితే గానీ మొదటి తూటా గొట్టంలోకి ఎక్కదు. దానికి రెండు చేతులూ కావాలి. అందుకని తూటా ఎక్కించే ఉంచేవాళ్లం. ఆ తూటాకూ మనిషికీ మధ్య ఉన్నది గొళ్లెం ఒక్కటే.

పగటిపూట పిస్తోలు మోసేది ఆయన కాదు. దారుల్లో మగవాళ్లను ఆపి బట్టలు విప్పించి వెతికేవారు. రైఫిళ్లు అడవిలో ఉండేవి. పిస్తోలు మాత్రం మంగ్లి గంపలో ఊరి నుంచి ఊరికి పోయేది. మంగ్లిది దగ్గర్లోని తండా. భర్త జైల్లో ఉన్నాడు. గంప అడుగున గుడ్డలో పిస్తోలు, దాని మీద ఇప్పపూలు, ఆ పూల మీద పాలు తాగే బిడ్డ. నిద్రపోతున్న బిడ్డను లేపి వెతికిన వాడు అప్పటిదాకా లేడు.

ఒకసారి తుప్పుకు గొళ్లెం బిగుసుకుపోయి పిస్తోలు పేలలేదు. నాయకుడు వెంట్రుకవాసిలో చావు తప్పించుకున్నాడు. మర్నాడు గట్క తింటూ దళంలోని కమ్మరితో అన్నాడు.

"తీసెయ్ దాన్ని. ఆకురాయి పెట్టి రాస్తే ఊడొస్తదా లేదా?"

"ఊడొస్తది. మల్ల పెట్టుమంటే నాతోని కాదన్నా. గిది కొడవలి కాదు."

గట్క వడ్డిస్తున్న మంగ్లి చెయ్యి ఆగింది. "తీసినంక ఎవరు మోస్తరు? నువ్వు మోస్తవా?"

"నీకు అలవాటే గద చెల్లె."

"నాకు అలవాటే. నా బిడ్డకెట్ల అలవాటైతది? దాని ముడ్డి కిందనే ఉంటది గా పిస్తోలు."

కమ్మరి నవ్వాడు. మంగ్లి నవ్వలేదు.

నాయకుడు మంగ్లి వైపు తిరిగాడు. "నా మోకు నేనే కట్టుకుంట. ఇంకోడు కట్టిన మోకు మీద ఎన్నడూ చెట్టెక్కలే. గీ గొళ్లెం నువ్వు పెడతవ్, నేను తీయాలె. ఏ యాళ్ల ఎట్లున్నదో నాకేం ఎరుక?"

"మోకు తెగితే నువ్వు పడతవన్నా. గిది పేలితే..." అని బిడ్డ వైపు తిరిగి తన భాషలో ఏదో అంది.

"రివాల్వర్లకు గొళ్లెం ఉండదంట గద," అన్నాడు కమ్మరి.

"వాటి ట్రిగ్గర్ బరువు. గట్టిగ గుంజాలె," అన్నాను. "దీనికి ఎలుక తగిలినా చాలు."

"నీ మాటేంది మిల్ట్రీ?" అని నాయకుడు అడిగాడు.

"మోసేటోడు, కాల్చేటోడు ఒక్కడే అయితే తీసేయొచ్చు. మనకాడ ఇద్దరు. ఉంచాలె."

ఆయన కంచం పక్కకు పెట్టాడు. "సరే. పెట్టుడు నీది చెల్లె, తీసుడు నాది. నా చేతికొచ్చేదాంక ముట్టకు."

ఆ రోజు నుంచి అలాగే జరిగింది. మంగ్లి గొళ్లెం పెట్టే ఇచ్చేది. ఆయన ఆమె ఎదుటే బొటనవేలితో కిందికి దించేవాడు. నేను గ్యాసునూనెతో కడిగి తుప్పు వదిలించాను. మీట మెత్తగా కదిలేది.

ఆ పొద్దున వాగులో పిస్తోలు అందుకోవడానికి నాయకుడు ముందు దిగాడు. నేను పొదలో కాపలా ఉన్నాను. నా వెనక కమ్మరి. మంగ్లి గంప వదిలేసి అవతలి గట్టు నుంచి పరుగున వచ్చింది. బిడ్డ చంకలో ఉంది. "ఎనుకనే ఉన్నరన్నా," అని పిస్తోలు ఆయన చేతిలో పెట్టి ఎడమవైపు చెట్లలోకి పోయింది. తర్వాత జరిగింది మొదట్లోనే రాశాను. ఆయన పడ్డాక నేను కాల్చాను. గస్తీవాళ్లు గట్టు చాటుకు తగ్గారు గానీ కాల్పులు ఆపలేదు. కమ్మరి నా కాలు పట్టి వెనక్కి లాగాడు. శవం తెచ్చుకోలేకపోయాం. పిస్తోలూ తెచ్చుకోలేకపోయాం.

పోరాటం ఆగాక స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగి ఇంటికి నడిచాను. ఎందరిని చంపావని ఊళ్లో అడిగేవారు. గొళ్లెం సంగతి ఎవరూ అడగలేదు.

చాలా ఏళ్లకు మానుకోట మిర్చి అంగడిలో మంగ్లి కనిపించింది. పక్కన ఎదిగిన కూతురు బస్తా మూతి కుడుతోంది. మంగ్లి నన్ను పక్కకు పిలిచింది.

"ఆ పొద్దు గొళ్లెం నేనే తీసిచ్చిన మిల్ట్రన్నా. బిడ్డను సంకకెత్తుకున్నంకనే తీసిన. ఆయనకు ఆలిశ్యమైతదని."

"చెప్పినవా?"

"చెప్పే యాళ్ల ఏడున్నది?" కూతురి వైపు చూసింది. "నేను ముట్టకుంటే బతికేటోడా?"

కంగారులో ఆమె మీటను సగమే దించిందేమో. పూర్తిగానే దించి ఉంటే, కిందికి కదలని మీటను తుప్పు పట్టిందనుకుని ఆయనే పైకి తోశాడేమో. ఇప్పపూల తడికి తూటా చెడిందేమో.

ఇప్పటికీ ఆ వేలు కనిపిస్తుంది. మోకు రాపిడికి కాయలు కాసిన బొటనవేలు. ఒక్కసారి కదిలింది. పైకి కదిలిందో, కిందికి కదిలిందో పొదలోంచి కనబడలేదు. పిస్తోలు గస్తీవాళ్లు తీసుకుపోయారు. దాన్ని ఇసుకలోంచి ఎత్తినప్పుడు గొళ్లెం ఏ వైపు ఉందో మాకెవరికీ తెలియదు.